అమ్మ కట్టిన మండె

ఇరవై ఆరేళ్లుగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. గింజకు నీరు, గాలి, వెచ్చదనం ఉంటే మొలకెత్తుతుందని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. తడి దూది మీద చిక్కుడు గింజలు పెట్టించి, తోక ఎటువైపు వస్తుందో చూసి రాయమని ఎన్ని బ్యాచీల పిల్లల ప్రాణం తీశానో లెక్కలేదు. అలాంటి నేను మా ఇంట్లో గిన్నెడు బఠాణీలు మొలకెత్తించలేకపోయాను. కుళ్లబెట్టాను. ఆ కంపుకు కింద వాటాలో ఉండే ఓనరుగారి భార్య మెట్లెక్కి వచ్చి, “ఏంటండీ టీచరుగారూ, ఎక్కడైనా ఎలక చచ్చిందాండి?” అని అడిగారు.

“ఎలక కాదండి, బఠాణీలు” అని చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పాను. నాకు అబద్ధం చెప్పడం రాదు, చెప్పినా ముఖంలో తెలిసిపోతుంది.

ఆ బఠాణీల గొడవ అంతా అమ్మ కోసం. అంతకు ముందు వేసవిలో అమ్మ ఊళ్లో పంపు దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. రాజమండ్రిలో ఆపరేషన్ చేయించి, కొవ్వూరులో నేను అద్దెకుంటున్న మేడ మీది వాటాకు తెచ్చుకున్నాను. నేను పెళ్లి చేసుకోలేదు, అదో పెద్ద కథ, ఇక్కడ చెప్పను. కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. డాక్టరుగారు వాకరు పట్టుకుని నడిపించమన్నారు, కండ పట్టాలి కాబట్టి మొలకెత్తిన గింజలు రోజూ పెట్టమన్నారు. నేను ఫోనులో వీడియోలు చూసి గాజు సీసా, దాని మూతికి గుడ్డ, రబ్బరు బ్యాండు అన్నీ సిద్ధం చేసుకున్నాను. కొట్లో పచ్చగా నిగనిగలాడుతున్న ఎండు బఠాణీలు తెచ్చి నానబోశాను. తెల్లారేసరికి నీళ్లు ఆకుపచ్చ సిరాలా తయారయ్యాయి. గింజలకు రంగేసి అమ్ముతున్నారని అప్పుడు తెలిసింది. కడిగి కడిగి మళ్లీ కట్టాను. మూడో రోజుకు ఎలక కంపు.

మంచం మీద కూర్చున్న అమ్మ నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. “నువ్వేనా పిల్లలకి పాఠాలు చెప్పేది? నీ బళ్లో పిల్లలు దేవుడి దయవల్ల పాసవుతున్నారే” అంది.

ఆ నవ్వు చూసి నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఎందుకంటే మూడు నెలలుగా అమ్మ నాకు భయం పుట్టిస్తోంది. నొప్పుల గురించి కాదు. అమ్మ తన చేతుల కేసి చూసుకుంటూ కూర్చునేది. యాభై ఏళ్లకు పైగా బురదలో నడుం వంచి ఊడ్పులు ఊడ్చిన, అంటే వరి నాట్లు వేసిన మనిషి. కలుపు తీసింది, కోత కోసింది, మోపులు మోసింది. ఇప్పుడు వంగకూడదు, కింద కూర్చోకూడదు, బరువెత్తకూడదు. “నా పనైపోయిందే. తిని కూర్చోడమే కదా ఇంక” అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. “అలా అన్నావంటే అన్నం పెట్టను” అని అరిచేదాన్ని. అరవడం తప్ప నాకు ఓదార్చడం చేతకాదు.

మర్నాడు అమ్మ సీసా అవతల పెట్టించేసింది. “సీసాలో ఏం మొలుస్తాదే? ఊపిరాడక చస్తాది. ఇది మండె కట్టడమే కదా. నాకు చెప్తే నేను కడతాను కదా” అంది.

మండె అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. వడ్లను నారుమడిలో చల్లే ముందు ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, నీళ్లు వార్చి, గోనెసంచిలో మూట కట్టి, పైన ఎండుగడ్డి కప్పి బరువు పెడతారు. లోపల వెచ్చగా ఆవిరి పుట్టి గింజలన్నీ ఒకేసారి ముక్కు పగులుతాయి. మా పేటలో అమ్మ చెయ్యి మండెకు పెట్టింది పేరు. రైతులు కబురు పెట్టి పిలిపించుకునేవారు. ఎవరి మండె ఎప్పుడు విప్పాలో గోనెలోకి చెయ్యి దూర్చి వేడి చూసి చెప్పేది. తన కోసం మాత్రం ఎప్పుడూ కట్టుకోలేదు. కట్టుకోడానికి నారుమడి ఉండాలి కదా, మాకు సెంటు భూమి లేదు.

అమ్మ మొదటి మండె పెసలతో కట్టింది. నా పాత నేతచీర చింపించింది. వాకరు పట్టుకుని వంటింటి గట్టు దగ్గరికి నడిచి, ఎత్తు కుర్చీలో కూర్చుని, పెసలు చేటలో పోసుకుని రాళ్లు ఏరింది. నానబోసింది. మర్నాడు పొద్దున్న నేను వార్చబోతే “ఉండవే, ఇంకా పూట కాలేదు” అంది. సాయంత్రం వార్చబోతే “తెల్లారనీ” అంది. సైన్సు టీచర్ని కదా, “పెసలకు ఎనిమిది గంటలు చాలమ్మా” అన్నాను. “నువ్వు నోర్ముయ్. బఠాణీలు చూశాంగా” అంది. పగలూ రాత్రీ నానిన పెసలు ఉబ్బి, తోలు ఊడి, నురగ కక్కాయి. గుడ్డలో కడితే మళ్లీ కంపు. ఈసారి ఓనరుగారి భార్య పైకి రాలేదు, కిందనుంచే “టీచరుగారూ!” అని కేక వేశారు.

అమ్మ మూట విప్పి వాసన చూసింది. తర్వాత, “వడ్లనుకున్నానే. వడ్లకి గట్టి ఊక ఉంటాది. వీటికి లేదు పాపం, చీర కట్టకుండా నీళ్లలో కూర్చోబెట్టాను” అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆవిడకు నవ్వితే తుంటి నొప్పి, అయినా ఆపలేదు.

ఆ తర్వాత అమ్మ తప్పు చేయలేదు. పెసలు రాత్రి నానబోసి పొద్దున్నే వార్చడం, బొబ్బర్లు ఇంకాస్త ఎక్కువసేపు, బఠాణీలు అయితే మూడో రోజుకు గానీ ముక్కు పగలవని చెప్పి వాటికి విడిగా మూట. రంగు వేయని తెల్ల బఠాణీలు తణుకు నుంచి తెప్పించమంది. పూటకోసారి మూట మీద నీళ్లు చిలకరించేది. మూటను చిల్లుల గిన్నెలో పెట్టి, పైన పళ్లెం బోర్లించి, పళ్లెం మీద పచ్చడి జాడీ పెట్టేది. “బరువు లేకపోతే తోక సన్నగా వస్తాది. బరువుంటే దాన్ని తోసుకుని రావాలని లావుగా వస్తాది” అనేది. వీడియోలో ఇంగ్లీషులో చెప్పిన ఆవిడ ఈ ముక్క చెప్పలేదు. మా టెక్స్టు పుస్తకంలోనూ లేదు. తర్వాతి వారం క్లాసులో నేను చెప్పాను.

పెసర మొలకలు ఉల్లిపాయ, నిమ్మరసం వేసి పచ్చివి తినేవాళ్లం. బొబ్బర్లు ఆవిరి మీద ఉడికించి తాలింపు పెట్టేది అమ్మ, కుర్చీలో కూర్చునే. మిగిలినవి కిందకు పంపేది. ఓనరుగారి భార్యకు షుగరు. రెండు నెలలు తిన్నాక ఆవిడ “మామ్మగారి మొలకలు లేకపోతే నాకు పొద్దు గడవదండి” అనే స్థాయికి వచ్చారు. అమ్మ పొద్దున్న లేవగానే ముఖం కడగకముందే మూట లోపల వేలు పెట్టి వేడి చూసేది. “చేను చూసొచ్చాను” అనేది. పని అయిపోయిందన్న మాట ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు.

నవంబరు చివర, సార్వా మాసూళ్లు, అంటే వానాకాలపు వరి కోతలూ నూర్పిళ్లూ, జరుగుతుండగా, ఒక పొద్దున్న మూట విప్పుతూ అమ్మ అంది: “ఈ ఏడు పండక్కి నేను పంట పట్టుకెళ్తానే.”

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

పండుగ అంటే కోతల పండుగ. తణుకు అవతల మా పేటలో చిన్న లూథరన్ గుడి. మాసూళ్లు అయ్యాక ఒక ఆదివారం పంట పండించినవాళ్లు తమ పంటతో గుమ్మం దగ్గర నుంచి పీఠం దాకా ఒక్కొక్కరే నడిచి వెళ్లి బల్ల మీద పెడతారు. సంఘం సెక్రటరీ మైకులో అందరూ వినేలా చదువుతాడు, మనిషి పేరు, ఏ పొలం, ఏం పంట. అందరూ ఆమెన్ అంటారు. పొలం లేనివాళ్లు గుమ్మం దగ్గర బుట్టలో ఏదో ఒకటి వేసి వచ్చి చాపల మీద కూర్చుంటారు. కోడిగుడ్డో, కొబ్బరికాయో, అరటిపళ్లో. దాన్ని కానుక అంటారు. కానుకలకు పేరు చదవరు. మా పేటలో పొలం ఉన్నవాళ్లూ, కౌలుకు చేసేవాళ్లూ కలిపి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగిలినవాళ్లం గుమ్మం దగ్గర బుట్టవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ ఒకసారి పీఠం దాకా నడిచింది. ఆ ఏడు కోతలయ్యాక పనిలోంచి వచ్చి, చీకటి పడేలోగా కోసేసిన చేలల్లో పరిగె ఏరింది. రాలిన కంకులు ఏరుకోవడం అందరూ చేసేదే, రైతులు ఏమీ అనరు. అమ్మ వాటిని కాళ్లతో నలిపి, చెరిగి, ఒక చేటడు వడ్లు చేసింది. మాకు వండిపెట్టలేదు. “ఇవి దేవుడికే” అంది. ఉతికిన చీర కట్టుకుని, చేట రెండు చేతులతో పట్టుకుని, పంటవాళ్ల వరసలో నిలబడింది. నేను కొంగు పట్టుకుని వెనకాల నడిచాను. బల్ల దగ్గర అప్పటి సంఘ పెద్ద నిలబడి ఉన్నాడు. పేటలో నాలుగెకరాలున్న మనిషి. అమ్మ ఆయన చేలో కూడా ఊడ్చేది. ఆయన చేటలోకి చూసి, “ఇది పరిగె కదమ్మా. పరిగె పంటెలా అవుద్ది? ఒకరి చేలో రాలింది నీ పంట కాదు కదా” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. చేట తీసుకుని గుమ్మం దాకా నడిచి వెళ్లి, వడ్లు కానుకల బుట్టలో వొంపేసి, ఖాళీ చేట అమ్మ చేతికి ఇచ్చాడు. నేను ఆయన పంచె పట్టుకుని లాగబోయాను. అమ్మ నా జబ్బ గట్టిగా పట్టుకుంది. సాయంత్రం వరకూ ఆ నాలుగు వేళ్ల గుర్తులు అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత ప్రతి ఏడూ అమ్మ గుమ్మం దగ్గర బుట్టలో ఒక గుడ్డు వేసేది. ఒక్క గుడ్డే. నేను ఉద్యోగంలో చేరాక “పెద్ద కానుక వేద్దాం అమ్మా, బస్తా బియ్యం వేద్దాం” అంటే, “నీ జీతం నువ్వు వేసుకో. నాది గుడ్డే” అనేది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. మర్చిపోలేదని ఆ టీ గ్లాసు పట్టుకున్న పొద్దున్న తెలిసింది.

సెక్రటరీకి ఫోన్ చేశాను. ఇప్పటి సెక్రటరీ ఆ పెద్దమనిషి కొడుకే. తండ్రి పోయి చాలా ఏళ్లయింది. ఈయన మంచివాడే, అమ్మ ఆపరేషన్‌కు చూడటానికి కూడా వచ్చాడు. వరసకు నాకు అన్న.

“వందనాలండి అన్నయ్యగారూ. ఈసారి పంటల లిస్టులో అమ్మ పేరు రాయండి.”

“వందనాలు చెల్లెమ్మా. పిన్నిగారి పేరా? పొలం ఏమైనా కౌలుకి తీసుకున్నారేంటి?”

“పొలం లేదండి. మొలకలు. పెసలు, బొబ్బర్లు, బఠాణీలు.”

 అవతల నవ్వు వినిపించింది. “మొలకలు టిఫినండి. పంటెలా అవుద్ది? కొట్లో కొన్న గింజలు నీళ్లలో నానేసి తెచ్చి పంటంటే, రేపు ఇంకొకరు ఇడ్లీ పిండి పులియబెట్టుకొచ్చి ఇదీ పంటే అంటారు. అప్పుడు నేనేం చెప్పను?”

నిజం చెప్పాలంటే ఇడ్లీ పిండి మాటకు నాకూ నవ్వొచ్చింది. వెంటనే మింగేశాను. “పిండికి వేరు వస్తాదాండి? మొలకకు వేరు వస్తుంది. మీరు విత్తనాలు కొట్లో కొనట్లేదా?” అన్నాను.

“కొంటాం. కానీ భూమిలో వేస్తాం కదండి. లిస్టులో పొలం అని ఒక గడి ఉంది చెల్లెమ్మా. అక్కడ ఏం రాయను?”

“ఖాళీగా వదిలేయండి.”

“చదివేటప్పుడు బాగోదండి. అడుగుతారు. పిన్నిగారిని బుట్టలో వేసెయ్యమనండి. దేవుడు చూసేది మనసునే కదా.”

ఆ ఆఖరి మాటతో నాకు తిక్క రేగింది. “దేవుడు మనసే చూస్తే మీ ధాన్యం బస్తా కూడా బుట్ట దగ్గరే పెట్టండి. మేం వస్తాం, వరసలో నిలబడతాం. చదవకపోతే అక్కడే, మైకులోనే అడుగుతాను” అని ఫోన్ పెట్టేశాను.

అమ్మ అంతా విన్నది. మంచి పని చేశావంటుందనుకున్నాను. ముఖం మాడ్చుకుంది. “నువ్వెవరివే అడగడానికి? పంట నాదా నీదా?” అంది.

“నీ కోసమేగా అమ్మా!”

“నా కోసం గింజ ఒక్కటి నానేశావా? ఏరావా? తడిపావా? నీళ్ల గ్లాసు అందించావు. నోరు కూడా అందించక్కర్లేదు. నోరు నాకుంది.”

ఆ రోజు నేను అన్నం తినలేదు. నిజంగానే నొచ్చుకున్నాను. నలభై ఏళ్లుగా ఆ చేట అవమానం నేనే మోస్తున్నాననుకుని తిరిగాను. స్కూల్లో ఎవరైనా ఏదైనా అంటే ముందు నా నోరే లేచేది, అదంతా అమ్మ తరఫున చేస్తున్నట్టు నాలో నేను గొప్పపడేదాన్ని. ఆవిడ నన్ను తన తరఫున పెట్టుకోనే లేదు.

పండుగ డిసెంబరు రెండో ఆదివారం. చలికి మొలక ఆలస్యమవుతుందని అమ్మకు బెంగ. బుధవారం రాత్రి బఠాణీలు నానబోసింది. గురువారం బొబ్బర్లు. శుక్రవారం పొద్దున్న పెసలు. మూడూ ఆదివారం పొద్దుటికి ఒకేసారి అందిరావాలి, ఒకటి ముదిరినా ఒకటి లేతగా ఉన్నా ఒప్పుకోనంది. మూటలకు నా శాలువా కప్పింది. శుక్రవారం రాత్రి వంటింట్లోకి గాలి రాకుండా కిటికీ మూయించింది. శనివారం బఠాణీలు ఇంకా మొండికేసి కూర్చుంటే, గోరువెచ్చని నీళ్లు చిలకరించి, మూటను అన్నం వార్చిన గిన్నె పక్కన పెట్టింది. నేను సాయం చేస్తానని దగ్గరికి వెళ్తే చేత్తో అవతలికి పొమ్మని సైగ చేసింది. సరే, మహారాణి, అనుకుని వచ్చేశాను.

ఆదివారం తెల్లవారి విప్పి చూశాం. బఠాణీలకు లావు తోకలు. బొబ్బర్లు ముక్కు పగిలి తెల్లగా నవ్వుతున్నాయి. పెసలు అంగుళం పొడుగు. అమ్మ ఒక బఠాణీ నోట్లో వేసుకుని కసుక్కున కొరికింది.  మూడింటినీ విడివిడిగా చిన్న మూటలు కట్టి, ఆ మూడూ కలిపి తడి గుడ్డలో పెద్ద మూట కట్టింది.

ఆటోలో వెళ్లాం. దారంతా చేలు ఖాళీగా ఉన్నాయి, గడ్డి కుప్పలు వేసి ఉన్నాయి. అమ్మ మూటను ఒళ్లో పెట్టుకుంది, చీర తడిసిపోతున్నా పక్కన పెట్టలేదు.

గుడి దగ్గర కొత్త చిక్కు వచ్చింది. వాకరుకు రెండు చేతులూ కావాలి. మూట ఎలా పట్టుకుంటుంది? “నేను పట్టుకుని పక్కన నడుస్తాను” అన్నాను. అమ్మ నా కేసి చూసింది. తర్వాత మూట కొసలు వాకరు ముందు కమ్మీకి రెండు ముళ్లు వేసి వేలాడదీసింది. నా చేతికి ఖాళీ పళ్లెం ఇచ్చి, “ఇది తే. మాట్లాడకు” అంది.

పంటవాళ్ల వరస మొదలైంది. మొదట సెక్రటరీ ఇంటి ధాన్యం బస్తా, ఆయన ఇద్దరు అల్లుళ్లు మోసుకెళ్లారు. తర్వాత కాలవగట్టు చేను వాళ్లది, తర్వాత అరటిగెల, కొబ్బరిబొండాలు, ఇంకొకరి మినుములు. ఒక్కొక్కరి పేరు, పొలం, పంట చదువుతుంటే చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా ఆమెన్ అంటున్నారు. అమ్మ కూడా అంటోంది, గుమ్మం దగ్గర నిలబడి. ఆఖరి మనిషి బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకోగానే అమ్మ వాకరు ముందుకు వేసింది.

వాకరు రబ్బరు కాళ్లు నున్నటి గచ్చు మీద కీచుమన్నాయి. మూట అడుగునుంచి నీళ్లు కారుతున్నాయి. చాపల మీద ఆడవాళ్లు తలలు తిప్పారు. అమ్మ ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ వాకరు ముందుకు.  ఎత్తుకుని తీసుకుపోవాలనిపించింది. తడి గచ్చు మీద ఎక్కడ జారుతుందోనని పళ్లెం పట్టుకుని వెనకాలే నడిచాను.

సెక్రటరీ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా, “పిన్నిగారూ, మీరెందుకండీ ఇంత శ్రమ పడ్డారు. కానుకల బుట్ట అక్కడే ఉందిగా. ఇటివ్వండి, నేను పెట్టిస్తాను” అని మూట వైపు చెయ్యి చాచాడు.

నా నోరు తెరుచుకుంది. మూడు రోజులుగా కూర్చిన మాటలన్నీ నాలిక మీదే ఉన్నాయి. అమ్మ వెనక్కి తిరగకుండానే, “నువ్వుండు” అంది నాతో. తర్వాత ఆయనతో, “చెయ్యి తియ్యి నాయనా. మండె మీద పరాయి చెయ్యి పడకూడదు” అంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మైకు మీద నుంచి కూడా తీసేశాడు, గమనించలేదనుకుంటాను. తర్వాత అమ్మ అన్న ప్రతి మాటా గుడంతా వినబడింది.

“లిస్టు నీ చేతిలోనే ఉందిగా. ఇందాక నువ్వు చదివిన చేలన్నీ నాకు తెలుసు. కాలవగట్టు చేలో మోకాలి లోతు దిగబడిపోయేదాన్ని. ఆ మినుముల చేలో పాము కరిచి నా తోటికోడలు పోయింది. మీ నాన్న చేలో ఊడుస్తుండగా నాకు నొప్పులొచ్చాయి, ఇదిగో, దీనికి. అందులో ఒక్క కంకైనా నాదని అన్నానా? అనలేదు. వాళ్ల పేర్లు చదివావు, ఆమెన్ అన్నాను. ఇప్పుడు నా పేరు చదువు.”

 సెక్రటరీ ముఖం ఎర్రబడింది. ఆయన పీఠం దగ్గరున్న పాస్టరు అయ్యగారి కేసి చూశాడు. అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రాయన, ఏం చేయాలో ఆయనకూ తెలిసినట్టు లేదు. చివరికి మెట్లు దిగి వచ్చి, అమ్మ ముందు వంగి, వాకరుకు కట్టిన ముళ్లు విప్పబోయి, ఆగి, “విప్పమంటారాండి?” అని అడిగారు. అమ్మ “విప్పండి” అంది. నేను పళ్లెం పట్టాను. మూడు మూటలూ విప్పి పోశారు. ధాన్యం బస్తా పక్కన ఆ పళ్లెం పెట్టారు.

సెక్రటరీ జేబులోంచి పెన్ను తీసి లిస్టు అడుగున అమ్మ పేరు రాశాడు. పంట రాశాడు. పెన్ను ఆగింది.

“పేరు చదువుతానండి” అన్నాడు, గొంతు తగ్గించి. “పొలం ఏమని చదవను పిన్నిగారూ?”

“లేదని చదువు. పొలం లేదు, పంట ఉంది. అలాగే చదువు.”

ఆయన రాశాడు. కాగితం చూస్తూ, తల ఎత్తకుండా, గబగబా చదివేశాడు. అమ్మ పేరు, పొలం లేదు, పెసలు, బొబ్బర్లు, బఠాణీలు. ముందు వరసలోంచి ఒకరిద్దరు ఆమెన్ అన్నారు. ఆయన కాగితం మడవబోయాడు.

అమ్మ కదల్లేదు. వాకరు మీద రెండు చేతులూ బిగించి పట్టుకుని, వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్ల కేసి ఒకసారి తిరిగి చూసింది. వాళ్లందరూ తనతో ఊడ్చినవాళ్లు, వాళ్ల కూతుళ్లు, కోడళ్లు.

“వెనకాల వాళ్లకి వినపళ్లేదు నాయనా” అంది. “మళ్లీ చదువు.”

ఆయన కాగితం విప్పి, మైకు నోటి దగ్గరికి లాక్కుని, మళ్లీ చదివాడు.